శుద్ధి చేసిన నీటిని మళ్లీ మరిగించి తాగవచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చిన నీటినే కాచి, చల్లార్చి తాగుతున్నాం. మిగిలిన నీటిని మర్నాడు ఇంకోసారి మరిగిస్తున్నాం. ఇలా చేస్తే నీరు విషతుల్యమవుతుందని, అందులో ప్రాణవాయువు ఉండదని తెలిసినవారు భయపెడుతున్నారు. ఇందులో నిజమెంత? డబ్బాపాలు తాగే ఎనిమిది నెలల పాప కూడా ఉంది.

జవాబు: ఆర్‌ఓ నీటిని రెండోసారి మరిగించి తాగినంత మాత్రాన పెద్దవారికి ఎలాంటి హానీ జరగదు. మరిగించినప్పుడు నీటిలో కరిగి ఉన్న వాయువులు బయటికి పోయే మాట నిజమే, చప్పగా అనిపించడానికి కారణం కూడా అదే. కానీ మనకు కావలసిన ఆక్సిజన్ ఊపిరితిత్తుల ద్వారా అందుతుంది తప్ప తాగే నీటి ద్వారా కాదు కాబట్టి దాని గురించి దిగులు అక్కర్లేదు.

విషతుల్యమవుతుందన్న మాటకు మూలం వేరే ఉంది. మరిగేకొద్దీ నీరు ఆవిరవుతుంది గానీ అందులోని ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ వంటివి ఆవిరి కావు. లీటరు నీరు మరిగి 900 మిల్లీలీటర్లకు తగ్గితే వాటి సాంద్రత సుమారు 11 శాతం పెరుగుతుంది. ఆర్‌ఓ పొర వీటిని ముందే చాలావరకు తొలగిస్తుంది కనుక, అసలే తక్కువగా ఉన్నది ఆ కాస్త పెరిగినా ప్రమాదం లేదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీటిని శుద్ధి చేయకుండా గంటల తరబడి కాచేవారికి మాత్రం ఈ హెచ్చరిక వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్‌కు సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అది దాటిన నీటిని కాచడం వల్ల ప్రయోజనం ఉండదు.

మరిగించడం సూక్ష్మజీవులను చంపడానికే. నీరు తెర్లి బుడగలు పైకి తన్నుకొచ్చాక ఒక్క నిమిషం ఉంచితే చాలు, రెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తైన ప్రదేశాల్లో మూడు నిమిషాలు ఉంచాలి. అంతకు మించి కాచడం గ్యాసు వృథా.

నిజానికి మీరు ఆలోచించవలసింది నీరు ఎన్నిసార్లు కాగిందన్న దాని గురించి కాదు, కాగాక ఎక్కడ ఉందన్న దాని గురించి. కాచిన నీటిలోనూ, ఆర్‌ఓ నీటిలోనూ క్లోరిన్ దాదాపు ఉండదు. అందువల్ల చేయి ముంచి గ్లాసుతో తీసినా, మూత లేకుండా వదిలేసినా అందులో చేరిన క్రిములను అడ్డుకునేది ఏదీ ఉండదు. బిందె లోపలి అంచును వేలితో రాసి చూడండి: జారుడుగా తగిలితే అక్కడ సూక్ష్మజీవుల పొర కట్టినట్లే. పాత్రను రోజూ రుద్ది కడిగి, కొళాయి ఉన్న మూతపాత్రలో నీరు పోసి, ఒక రోజులో వాడేయండి. ఆర్‌ఓ ఫిల్టర్లను గడువు దాటకుండా మార్పించడం, యంత్రంలోని ట్యాంకును శుభ్రం చేయించడం మర్చిపోవద్దు.

పాప విషయంలో మాత్రం నిన్నటి నీటిని మళ్లీ కాచవద్దు. డబ్బాపాలకు ప్రతిసారీ తాజా నీటిని ఒక్కసారి మరిగించి, అరగంటకు మించి ఆరనివ్వకుండా, కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండగానే పొడి కలపాలి. పాలపొడిలోనూ క్రిములు ఉండే అవకాశం ఉంది, ఆ వేడికి అవి చనిపోతాయి. తరువాత సీసాను చల్లటి నీటిలో ఉంచి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసి గోరువెచ్చగా ఉందని చూసుకున్నాకే పట్టించండి.