పాత డంగు సున్నం ఇంటిని దుకాణంగా మార్చాలంటే?

మహబూబ్‌నగర్‌లో డంగు సున్నంతో (గానుగలో రుబ్బిన సున్నం, ఇసుక గారతో) కట్టిన తాతల నాటి రాతి మిద్దెకు షట్టర్ పెట్టి, గోడలకు సిమెంటు పూయించవచ్చా అని అడిగారు. మిద్దెను పడగొట్టనక్కర్లేదు. సిమెంటు మాత్రం వద్దు.

రాతి గోడ నేలలోని చెమ్మను పీల్చి, సున్నపు పూత గుండా గాలికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి లోపలే పైకెక్కి, ఉప్పు పూసి, కొన్ని వానాకాలాలకే పూత పెచ్చులూడుతుంది. ప్లాస్టిక్ పెయింట్ కూడా అంతే. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి, ఒక్కో పొర 10–12 మి.మీ. మించకుండా వేయించండి. సున్నాన్ని నీళ్లలో కనీసం రెండు వారాలు నానబెట్టాలి. సరిగా విరగని (నీళ్లలో పూర్తిగా నాని మెత్తబడని) సున్నపు గింజలుంటే తర్వాత గోడంతా పొక్కులే.

అసలు ప్రమాదం షట్టర్ కోసం గోడ తొలిచే దగ్గర. ఈ గోడలు చాలావరకు రెండు వైపులా రాయి, నడుమ మట్టి, కంకర. బ్రేకర్ మిషన్ పెడితే ఆ నడిమి భాగం జారిపోతుంది. ముందు పైకప్పు దూలాల కింద పోట్లు (బరువు మోసే ఊతకర్రలు) పెట్టండి. గోడకు ఒక పక్క సగం మందం మాత్రమే తొలిచి ఇనుప దూలం దూర్చి, పైసందును గట్టిగా మసాలాతో (మోర్టార్‌తో) నింపి, అది గట్టిపడ్డాకే రెండో పక్క తొలిచి రెండో దూలం దూర్చాలి. రెండు దూలాలనూ బోల్టులతో బిగించాక కింద రాయి తీయాలి. దూలం సైజు స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి, మేస్త్రీ అంచనా చాలదు.

గోడలో దిగిన కర్ర దూలాల కొసలను సూదిగా ఉన్న ఇనుప చువ్వతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెదలో, కుళ్లో పట్టినట్టే.