పూల తెరలో పద్యం ఎక్కడుంది?

"తెర నిండా పూలే. మనిషి లేడు, అక్షరం లేదు. దీన్ని పద్యానికి వేసిన బొమ్మ అని ఎలా అంటారు?" అని ఒకరు నన్ను అడిగారు. టోక్యోలోని నెజు మ్యూజియంలో జపాన్ చిత్రకారుడు ఓగత కోరిన్ వేసిన ఐరిస్ పూల తెరలను మొదటిసారి చూసినప్పుడు నాకూ ఇదే సందేహం వచ్చింది. ఆరేసి మడతల తెరలు రెండు, 18వ శతాబ్దం తొలినాళ్లవి. బంగారు రేకు మీద నీలం పూలు, పచ్చని ఆకులు, అంతే. బాగున్నాయనుకుని ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేశాను.

ఆ బొమ్మ వెనకున్న పద్యం తెలిశాక మళ్లీ వెళ్లాను. అది 9వ శతాబ్దపు కవి అరివర నొ నరిహిరది. 'ఈసె మొనొగతరి' కథల్లో, రాజధాని వదిలి తూర్పుకు పోతున్న కొందరు యత్సుహషి అనే చోట, ఎనిమిది వంతెనల దగ్గర ఆగి ఎండు అన్నం తింటుంటారు. ఎదురుగా కకిత్సుబత పూలు, అంటే ఐరిస్‌లలో ఒక రకం. ఆ పేరులోని అక్షరాలతో ఐదు పాదాలు మొదలుపెట్టి ప్రయాణం మీద పద్యం చెప్పమంటాడు ఒకడు. మన అవధానంలో న్యస్తాక్షరి ఇచ్చినట్టే!

కరగొరొమొ / కిత్సుత్సు నరెనిషి / త్సుమ షి అరెబ / హరుబరు కినురు / తబి ఒ షి జొ ఒమొవు

(పాత లిపిలో హ, బ రెండింటికీ ఒకే అక్షరం.) తొడిగి తొడిగి మెత్తబడిన అంగీలా అలవాటైన ఇల్లాలు అక్కడుండగా ఎంత దూరం వచ్చేశానో అని భావం. 'త్సుమ' అంటే భార్య, అంగీ అంచు కూడా. ఈ శ్లేష నన్ను ఇప్పటికీ వదలదు. విన్నవాళ్లు ఏడిస్తే, కన్నీళ్లకు ఆ ఎండు అన్నం నాని ఉబ్బిందట.

కోరిన్ ఆ మనుషులను తీసేశాడు, వంతెననూ తీసేశాడు. అతని కాలపు చదువరులకు పూలు చూస్తేనే పద్యం నోటికొచ్చేది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న అతని మరో జతలో వంతెన ఉంది. నాకు మాత్రం వంతెన లేనిదే ఇష్టం. అందులో ప్రయాణికుడి చోట మనమే నిలబడతాం.

వెళితే కుడి నుంచి ఎడమకు నడుస్తూ చూడండి. మడతల వల్ల కొన్ని గుత్తులు ముందుకొస్తాయి, కొన్ని వెనక్కి తగ్గుతాయి. తర్వాత కాస్త వంగి, చాప మీద కూర్చున్నవాళ్ల కంటి ఎత్తు నుంచి చూడండి. రాయి నూరి చేసిన ఆ నీలం రంగు పూరేకుల మీద మందంగా కనిపిస్తుంది. ఈ తెరలను సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో బయటపెడతారు. అప్పుడు మ్యూజియం తోటలోని కొలనులోనూ అవే పూలు పూసి ఉంటాయి.