ఐఎస్ఏ కార్డు జంపర్లు: ముందు కాగితం, ఆ తర్వాతే ప్లయర్

చిరంజీవికి ఆశీస్సులు.

ఆ పాత ఐఎస్ఏ (పాత పీసీల్లో కార్డులు గుచ్చే స్లాటు రకం) ఇంటర్‌ఫేస్ కార్డు బిగించబోతున్నావు కదా. మిషన్‌లో ఇప్పటికే ఏ అడ్రసు (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే పోర్టు నంబరు), ఏ ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను) వాడకంలో ఉన్నాయో రాసుకున్నాకే జంపర్ల (రెండు పిన్నుల్ని కలిపే చిన్న టోపీల) మీద చెయ్యి వెయ్యి. విండోస్ 98లో డివైస్ మేనేజర్ చూపిస్తుంది. లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలోని ఐఓపోర్ట్స్, ఇంటరప్ట్స్ ఫైళ్లు చూడు. కార్డు మీద ఇప్పుడున్న జంపర్లని ఫోటో తీసి పెట్టుకో.

ఎక్కువమంది బోల్తా పడేది అడ్రసు దగ్గరే. హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) 300 అంటే మన లెక్కలో 768, అంటే 512 + 256. అడ్రసులో ఒక్కో బిట్‌కి ఒక్కో జంపర్, ఏ9 విలువ 512, ఏ8 విలువ 256. కాబట్టి ఏ9, ఏ8 ఒకట్లు. ఏ7, ఏ6, ఏ5 సున్నాలు. చాలా కార్డుల్లో జంపర్ పెడితే సున్నా, తీస్తే ఒకటి. దీన్ని తిరగేసి చదివితే కార్డు ఎక్కడికో పోయి కూర్చుంటుంది. మాన్యువల్ లేకపోతే కార్డు బయట ఉండగానే మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసుంటే మోగే సెట్టింగులో) పెట్టి చూడు. పిన్నుల్లో ఒక వరస గ్రౌండ్‌కి కలిసి, రెండో వరస రెసిస్టర్ల గుండా 5 వోల్టుల లైనుకి వెళ్తుంటే, జంపర్ పెడితే సున్నా అన్నమాట.

ఇంకోటి. అన్నిటికన్నా కింది జంపర్ ఏ5 అయితే కార్డు మామూలుగా 32 అడ్రసులు పట్టేస్తుంది, అంటే 300 నుంచి 31ఎఫ్ దాకా. 310 ఖాళీయే కదా అని వేరే కార్డుని అక్కడ పెడితే రెండూ ఒకేసారి జవాబిస్తాయి, చదివిన డేటా అంతా చెత్త.

ఐఆర్‌క్యూ వరసలో ఒక్క జంపరే ఉండాలి. 4 కామ్1ది, 3 కామ్2ది (ఇవి సీరియల్ పోర్టులు), 6 ఫ్లాపీది, 7 ప్రింటర్ పోర్టుది. సౌండ్ కార్డు లేకపోతే 5 తీసుకో. ఐఎస్ఏలో రెండు కార్డులకి ఒకే లైను కుదరదు. కార్డు దొరికిందని మిషన్ అంటుంది, డేటా మాత్రం రాదు. అలా జరిగితే ముందు ఐఆర్‌క్యూనే అనుమానించు. పీసీఐ (ఐఎస్ఏ తర్వాత వచ్చిన స్లాటు రకం) కార్డులున్న మిషన్ అయితే బయోస్‌లో (మిషన్ ఆన్ చెయ్యగానే తెరిచే సెటప్‌లో) ఆ నంబరుని లెగసీ ఐఎస్ఏకి కేటాయించాలి, లేకపోతే వాటిలో ఏదో ఒకటి లాగేసుకుంటుంది.

స్విచ్ ఆపితే చాలదు, గోడ నుంచి పవర్ తీగే పీకెయ్. ఏటీఎక్స్ రకం పవర్ సప్లైలో 5 వోల్టుల స్టాండ్‌బై బోర్డు మీద ఉంటూనే ఉంటుంది. జంపర్‌ని నోస్ ప్లయర్‌తో నిటారుగా లాగు, పక్కకి వంచితే పిన్ను విరుగుతుంది. తీసినదాన్ని డబ్బాలో వెయ్యకు, ఒక్క పిన్నుకే తగిలించి ఉంచు. పాత కార్డయితే జంపర్‌ని నాలుగైదుసార్లు తీసి పెట్టు, పిన్నుల మీది చిలుము రాలుతుంది.