కార్బురేటర్ విప్పే కుర్రాడు చెడిపోయినట్టేనా?

ప్రశ్న: మావాడు పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాశాడు. సెలవులంతా మెకానిక్ షెడ్డులోనే. నా పాత బైక్ సిగ్నల్ దగ్గర ఆగిపోయేది, రేజ్ చేస్తే బాగానే నడిచేది. వాడే కార్బురేటర్ విప్పి, జెట్‌కి గాలి కొట్టి బాగుచేశాడు. ఆటోమొబైల్ డిప్లొమా చేస్తాడట. కార్బురేటర్ల కాలం పోయింది కదా! ఇంటర్‌లో చేర్పించాలా, మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) కోర్సు మేలా?

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వేసవిలో వస్తుంది. బండి మారుతుంది, టెన్షన్ మాత్రం అదే.

ముందు మీవాడు చేసిన పని చూడండి. కార్బురేటర్ అంటే ఇంజన్‌కి వెళ్లే గాలిలో పెట్రోలు కలిపే భాగం. దాని గొంతు ఇరుకైన చోట గాలి వేగం పెరిగి, ఒత్తిడి తగ్గుతుంది. దాంతో కింద గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా పైకి లేస్తుంది. జెట్ అంటే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క, అంతే. రేజ్ ఇవ్వకుండా బండి ఆన్‌లో ఉన్నప్పుడు (ఐడ్లింగ్) స్లో జెట్, సగం రేజ్‌లో సూది, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్. రేజ్ చేస్తే నడుస్తోంది కాబట్టి తేడా స్లో జెట్‌లోనే అని పట్టుకున్నాడు. పైగా తీగ పెట్టి పొడవలేదు. పొడిస్తే రంధ్రం పెద్దదై, పెట్రోలు ఎక్కువై ప్లగ్ నల్లబడేది. చాలామంది పెద్ద మెకానిక్‌లే ఆ తప్పు చేస్తారు.

కాలం పోయిందన్నది సగం నిజం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ కార్బురేటర్ వదిలి, పెట్రోలును చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. కానీ లెక్క మారలేదు. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అప్పుడు రంధ్రం కొలిచేది, ఇప్పుడు సెన్సర్లను చూసి ఈసీయూ, అంటే బండిలోని చిన్న కంప్యూటర్, కొలుస్తుంది.

ఈవీ కోర్సులంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఈవీలంటే కాదు, మూడు నెలల కోర్సులంటే. సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన ఒక కుర్రాణ్ణి, బ్యాటరీ ఓల్టేజ్ మల్టీమీటర్‌తో ఎలా చూస్తావని అడిగాను. స్లైడ్‌లో చూపించారు సార్ అన్నాడు. ఫీజు కట్టే ముందు ఒకటే అడగండి: ఎంతమందికి ఎన్ని బండ్లు విప్పడానికి ఇస్తారు?

ఇక మీతో ఒక మాట. వాడు బాగుచేసిన బండి మీదే రోజూ ఆఫీసుకు వెళ్తున్నారు. షెడ్డు పేరెత్తడానికి మాత్రం నామోషీ! మీ భయం కార్బురేటర్ గురించి కాదు, చుట్టాలకు ఏం చెప్పాలన్నదే. ఆ బరువు పదహారేళ్ల పిల్లాడి నెత్తిన పెట్టకండి.

దారి మూసుకుపోదండీ. డిప్లొమా మూడేళ్లు, తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటర్ తప్పని కాదు, మనసు లేనివాణ్ణి కూర్చోబెడితే రెండేళ్లు పోతాయి. లెక్కలు మాత్రం డిప్లొమాలోనూ తప్పవు, అది వాడికి గట్టిగా చెప్పండి.

కౌన్సెలింగ్‌కి ముందు వాణ్ణి తీసుకుని రెండు పాలిటెక్నిక్‌ల వర్క్‌షాపులు చూసి రండి. ఇంజన్ల మీద గ్రీజు ఉందా, దుమ్ము ఉందా? దుమ్ము ఉంటే ఆప్షన్లలో ఆ కాలేజీని కిందికి నెట్టండి.