నూనె మధ్యలో పుట్టే వేడి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ప్రవాహంలో స్నిగ్ధత (పారడానికి ద్రవం లోపలి నుంచే వచ్చే అడ్డు) వల్ల పుట్టే వేడి, విస్కస్ డిసిపేషన్, రాయడానికి చాలా మంచి విషయం. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: వ్యాసం చివరి దాకా చదివినా నాకు దొరకనిది ఒకటుంది. ఎంత వేడి? కదిలే ద్రవం ఏదైనా కొంచెం వేడెక్కుతుంది, నువ్వు నీళ్లు కలిపినా, గాలి వీచినా. ఎక్కువ సందర్భాల్లో అది లెక్కలోకి రాదు, కొన్ని చోట్ల మాత్రం మిషన్‌నే పాడుచేస్తుంది. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడుందో చూపించకపోతే సమీకరణం ఎంత శుద్ధంగా రాసినా చదివేవాళ్ల చేతికి ఏమీ అందదు.

ముందు ఆ అరచేతుల పోలిక తీసెయ్. చేతులు రుద్దుకుంటే వేడి పుట్టేది రెండు చర్మాలు తాకే చోట, పైన. ద్రవంలో అలా జరగదు. గోడను ఆనుకున్న పొర గోడకే అతుక్కుని ఉంటుంది, జారేది దాని పక్క పొర, దాని మీద ఇంకో పొర, అలా మందం పొడవునా పొరకీ పొరకీ మధ్య వేడి పుడుతుంది. రెండు పలకల మధ్య ఇంజిన్ ఆయిల్ ఉందనుకో, కింది పలక కదలదు, పైది సెకనుకు 12 మీటర్ల వేగంతో జారుతోంది, రెండిటినీ 20 డిగ్రీల దగ్గరే చల్లగా పట్టి ఉంచాం. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఆయిల్ స్నిగ్ధత దాదాపు 0.8 పాస్కల్ సెకన్లు, ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి దాదాపు 0.145 వాట్లు. స్నిగ్ధతను వేగం వర్గంతో గుణించి, ఉష్ణవాహకతకు ఎనిమిది రెట్లతో భాగిస్తే సరిగ్గా మధ్యలో ఎంత పెరుగుతుందో వస్తుంది. దాదాపు 100 డిగ్రీలు! రెండు పలకలూ ముట్టుకుంటే చల్లగానే ఉంటాయి, నడుమ ఆయిల్ కాగిపోతోంది. అదే చోట నీళ్లు పోసి అదే సూత్రంతో లెక్క కట్టు, 0.03 డిగ్రీ. నీ వ్యాసం ఈ రెండు అంకెలతో మొదలవ్వాలి.

ఇందులో ఇంకో చిత్రం ఉంది, అది నీకు తట్టకపోవడం నాకు కొంచెం బాధగా అనిపించింది. ఆ లెక్కలో పలకల మధ్య సందు ఎంతో ఎక్కడా రాదు. సందు సగం చేస్తే వేడి పుట్టడం నాలుగింతలవుతుంది నిజమే, కానీ ఆ వేడి గోడను చేరడానికి పోవాల్సిన దూరం సగమైంది కాబట్టి బయటపడటం కూడా నాలుగింతలు తేలికవుతుంది, రెండూ సరిపోతాయి. ఇది నాకు మొదటిసారి అర్థమైన రోజు కాగితం మీద మూడుసార్లు మళ్లీ చేసి చూసుకున్నాను. ఆ ఆశ్చర్యం చదివేవాళ్లకి కూడా అందనీ.

అయితే 100 డిగ్రీలు అని రాసి వదిలేయకు, అది సగం నిజమే. ఆయిల్ వేడెక్కితే పల్చబడుతుంది, 20 నుంచి 100 డిగ్రీలకు వెళ్లేసరికి స్నిగ్ధత నలభై రెట్లకు పైగా పడిపోతుంది. పల్చబడితే పుట్టే వేడి తగ్గుతుంది, కాబట్టి అసలు పెరుగుదల ఆ లెక్క కంటే తక్కువ దగ్గర ఆగుతుంది. స్నిగ్ధత కొలిచే పరికరాన్ని మరీ వేగంగా తిప్పితే రీడింగ్ తక్కువ రావడానికి ఇదీ ఒక కారణం, కొలవడమే కొలిచేదాన్ని మార్చేస్తోంది. బేరింగ్‌లో ఆయిల్ పొర ఇలా పల్చబడితే లోహం లోహాన్ని తాకే ప్రమాదం వస్తుంది. అదే ప్లాస్టిక్ ఎక్స్‌ట్రూడర్‌లో, అంటే ప్లాస్టిక్ గింజల్ని స్క్రూతో నెట్టి కరిగించే మిషన్‌లో, ఈ వేడే కావాలి, గింజలు కరగడానికి అవసరమైన దాంట్లో పెద్ద భాగం హీటర్ల నుంచి కాదు, స్క్రూ తిప్పే మోటారు నుంచే వస్తుంది.

బ్రింక్‌మన్ సంఖ్యను నిర్వచనంలా ఒక లైనులో పడేశావు. బ్రింక్‌మన్ 1951లో సన్నటి గొట్టంలో ప్రవాహం ఎలా వేడెక్కుతుందో లెక్క కట్టాడు, ఆయన పేరుతో ఉన్న ఈ సంఖ్య అడిగేది నేను పైన అడిగిన ప్రశ్నే: లోపల పుట్టే వేడి, ఉష్ణోగ్రతల తేడా వల్ల పారే వేడితో పోలిస్తే ఎంత? ఒకటికి చాలా తక్కువైతే మర్చిపో, ఒకటి దగ్గరకొస్తే మర్చిపోవద్దు. ఇంత చాలు.

'శక్తి నష్టపోతుంది' అని నాలుగు చోట్ల రాశావు. ఎక్కడికి పోయింది? పైపులో ప్రెషర్ 1 బార్ పడిపోయిందంటే, వేడి బయటకు పోకపోతే, ఆ నీళ్లు 0.024 డిగ్రీ వేడెక్కాయన్నమాట. పోయింది శక్తి కాదు, దాన్ని పనికి వాడుకునే వీలు. జౌల్ తెడ్ల ప్రయోగం, దిగే బరువులతో నీళ్లలో తెడ్లు తిప్పి వేడి కొలవడం, మొత్తం దీని గురించే కదా. 1850లో అచ్చయిన పేపర్‌లో చూడు, బరువులను ఇరవైసార్లు ఎత్తి దింపితే నీళ్లు వేడెక్కింది అర ఫారన్‌హీట్ డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంత చిన్న తేడాను ఆయన ఓపికగా కొలిచాడు కాబట్టే 'నష్టం' అన్న మాట మనం ఇంత తేలిగ్గా వాడకూడదు.

వ్యోమనౌక భూమికి తిరిగొస్తూ 'గాలి రాపిడితో' మండుతుందన్న పేరా తీసెయ్. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను, ఒక పాఠకుడు ఉత్తరం రాసి సరిదిద్దాడు. ముందున్న గాలి షాక్ వేవ్‌లో నొక్కుకుపోవడం వల్లే అక్కడ ముఖ్యంగా వేడి పుడుతుంది, స్నిగ్ధత పని ఉపరితలాన్ని ఆనుకున్న పల్చటి పొరలో.

చివరగా, మూడో పేజీలో పుట్టే వేడి ఫార్ములా సరిచూడు, వేగ ప్రవణత (పొర నుంచి పొరకు వేగం మారే రేటు) మీద వర్గం లేదు. టైపింగ్‌లో పోయిందేమో, కానీ అది లేకపోతే పై పలకను వెనక్కి జరిపినప్పుడు ఆయిల్ చల్లబడాలి. ఎటు జరిపినా వేడెక్కేది ఆ వర్గం వల్లే.