నొప్పి దాచుకోకు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. "నువ్వైనా చెప్పు అక్కా, నీ మాటైతే వింటుంది" అంది. రొమ్ముల సైజు పెంచే ఆ ఆపరేషన్ నీకు వద్దని నాతో చెప్పించడానికే చేసిందని తెలుసు. నేను ఆ మాట రాయడం లేదు. నీకు ఇరవై ఏడేళ్లు. సొంత జీతంలోంచి డబ్బు కూడబెట్టుకున్నావు. తేదీ తీసుకోకముందే అమ్మకు చెప్పావు. అలా చెప్పినందుకు నాకెంత గర్వంగా ఉందో! రాత్రి నిద్ర పట్టని మాట కూడా నిజమే.

ముందుగా ఒకటి అడుగుతాను, జవాబు నాకు రాయనక్కర్లేదు. పోయిన ఏడాది పెళ్లిచూపులకు వచ్చినావిడ "అమ్మాయి మరీ బక్కపలచన" అన్న మాట ఇంకా నీ మనసులో గుచ్చుకుంటోందా? ఆమె కోసమైతే ఒక్క కుట్టు కూడా వేయించుకోకు. నీకోసమే అయితే కింద రాసినవి చదువు.

చేసే డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ అనే పై చదువు చదివినవారై ఉండాలి. బోర్డు మీద 'కాస్మెటిక్' అని ఉంటే చాలదు. మత్తు డాక్టరు, రాత్రంతా మెలకువగా ఉండే నర్సులు, అవసరమైతే రక్తం ఎక్కించే ఏర్పాటు ఉన్న ఆసుపత్రికే వెళ్లు. ఈ వారమే వస్తే తగ్గిస్తామనే చోటికి వెళ్లకు.

రొమ్ములో అమర్చే సిలికాన్ సంచిని, అంటే ఇంప్లాంట్‌ను, అమెరికాలోని హ్యూస్టన్‌లో మొదటిసారి పెట్టింది 1962లో. ఇన్నేళ్లయినా జీవితాంతం ఉంటుందని హామీ ఇచ్చేది రాలేదు. చుట్టూ పొర గట్టిపడవచ్చు, లోపల చిరగవచ్చు, ఏదో ఒకనాడు మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. ఆ ఖర్చుకు కూడా ఇప్పుడే కొంత పక్కన పెట్టుకో. ఫ్రాన్స్‌లో పిప్ అనే కంపెనీ ఇంప్లాంట్లలో పరిశ్రమల్లో వాడే సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. గరుకు పైపొర ఉన్న బయోసెల్ రకాన్ని లింఫోమా అనే అరుదైన క్యాన్సర్ భయంతో 2019లో అలెర్గాన్ కంపెనీ ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అలాంటి కబురు మళ్లీ వచ్చిన రోజున నీ ఒంట్లో ఏముందో నీకు తెలియాలి. కంపెనీ పేరు, రకం, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచుకో.

మత్తు డాక్టరు దగ్గర ఏదీ దాచకు. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, విటమిన్ ఇ, మీ అమ్మ ఇచ్చే వెల్లుల్లి మాత్రలు, అన్నీ చెప్పు. కొన్ని రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. ఏది ఎప్పుడు ఆపాలో వారే చెబుతారు. సిగరెట్ తాగుతావా అని పెద్దమ్మగా అడగను, డాక్టరు అడిగితే మాత్రం నిజం చెప్పు. పొగ తాగేవాళ్లకు కోసిన చోటు సరిగా మానదు. కనీసం నాలుగు వారాల ముందే ఆపాలి.

మీ అమ్మమ్మ రొమ్ములో గడ్డను సిగ్గుతో ఏడాది దాచింది. చెప్పేనాటికి చంకలోకి పాకింది. ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు, ఆపరేషన్‌కు ముందే పరీక్ష చేయించుకో. తర్వాత ఎప్పుడు మామోగ్రామ్‌కు, అంటే రొమ్ము ఎక్స్‌రేకు, వెళ్లినా ఇంప్లాంట్లు ఉన్నాయని ముందే చెప్పాలి. సిలికాన్ చిరిగినా తెలియకపోవచ్చు కాబట్టి పెట్టించుకున్న ఐదారేళ్లకు మొదటిసారి, ఆపైన రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎం.ఆర్.ఐ. గానీ తీయించుకోమని అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది.

పిల్లలకు పాలివ్వాలని ఉంటే అదీ చెప్పు. చనుమొన చుట్టూ కోస్తే పాలనాళాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ, రొమ్ము కింది ముడతలో కోస్తే తక్కువ. ఎక్కడ కోసినా స్పర్శ తగ్గవచ్చు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు మూడు రోజులు పాలు పడలేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చి నిన్ను నేనే అమ్మ రొమ్ముకు పట్టించేదాన్ని. నాలుగో రోజు పొద్దున నువ్వు గుటకలు వేస్తుంటే మీ అమ్మ నవ్విన నవ్వు నాకిప్పటికీ కళ్ల ముందుంది. నిన్నటి ఆమె ఏడుపులో కోపం కంటే ఆ జ్ఞాపకమే ఎక్కువగా ఉందేమో.

ఇక నేను ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది. 1996లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. నీ వయసు అమ్మాయే, ఇదే ఆపరేషన్. ఆఫీసు పని మీద ఊరెళ్తున్నానని ఇంట్లో చెప్పి ఒంటరిగా వచ్చింది. పదకొండింటికి గంట నొక్కి, "సిస్టర్, ఎడమవైపు బిగుసుకుపోతోంది" అంది. నేను కట్టు విప్పి చూడలేదు. రాసి ఉన్న ఇంజక్షన్ ఇచ్చి, "కొత్తలో అలాగే ఉంటుంది, ఓర్చుకో" అని దుప్పటి కప్పాను. ఒంటి గంటకు మళ్లీ పిలిచింది. "రెండు వైపులా చేశారు కదా, ఒక్క వైపే ఎందుకింత నొప్పి?" అని అడిగింది. ఎంత సరైన ప్రశ్న! చదువుకున్న నర్సుకు తట్టనిది ఆ పిల్లకు తట్టింది. పక్క గదిలో ఒళ్లు కాలిన తల్లి ఒకామె మూలుగుతోంది. ఏ జబ్బూ లేకుండా కోయించుకున్న మనిషికి ఇంత ఆరాటమేమిటని అనుకున్నాను. పైకి అనలేదు. నా మొహంలో ఆమెకు కనబడే ఉంటుంది, మళ్లీ గంట నొక్కలేదు.

నాలుగున్నరకు బి.పి. చూడబోతే చెయ్యి చల్లగా తగిలింది. నాడి పరుగెడుతోంది. కట్టు విప్పాను. ఎడమవైపు కుడివైపుకు రెట్టింపు ఉబ్బి, చర్మం నీలంగా నిగనిగలాడుతోంది. లోపల రక్తం పేరుకుంటోంది. డాక్టరు వచ్చి, థియేటర్ తెరిచి, గడ్డకట్టిన రక్తం తీసేసరికి తెల్లవారింది. బతికింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని, "రాత్రంతా మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను సిస్టర్, ఏమీ అనుకోకండి" అంది. నన్ను, ఆ పిల్ల! పదిహేడో నంబరు మంచం. మళ్లీ ఆమెను చూడలేదు.

అందుకే చెబుతున్నాను. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకవైపే నొప్పి, బిగుతు, వాపు పెరుగుతుంటే గంట నొక్కు. విసుక్కుంటే ఇంకోసారి నొక్కు. కట్టు విప్పి చూడమను, డాక్టరును పిలవమను. ఇంటికి వచ్చాక జ్వరం, ఎర్రదనం, పిక్కలో నొప్పి, ఆయాసం ఏది వచ్చినా అంతే. ఏళ్ల తర్వాత ఒకవైపు ఉన్నట్టుండి వాచినా అంతే. "వాళ్లేమనుకుంటారో" అని ఓర్చుకున్నావో, నేను ఊరుకోను.

ఆ రాత్రి నీ మంచం పక్కన నేనే ఉంటాను. తేదీ ఖరారు కాగానే చెప్పు, టికెట్ తీసుకుంటాను. ముందు గుండీలున్న మెత్తటి చొక్కాలు నాలుగు కుట్టించాను. కొన్ని రోజులు చేతులు పైకెత్తకూడదు. డాక్టరు సరేననే దాకా నెల పైగా బరువులు మోయకూడదు, బిందె ఎత్తకూడదు. నీ జడ నేనే వేస్తాను.

మీ పెద్దమ్మ