చనిపోయిన మామతో మీ ఆయనకు పోటీ పెట్టకండి

నల్లగొండ నుంచి ఒక టీచరమ్మ రాశారు:

"మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. మా పక్కింటి మామకు చిన్నప్పుడే ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయాయి. మెడ, నడుము కొయ్యబారాయి. వాళ్ల వదిన పొద్దున్నే ఎత్తి అరుగు మీద మంచంలో కూర్చోబెట్టేది. కిందపడితే వంగి తీసుకోలేడని పెన్నుకు దారం కట్టి మంచం కోడుకు ముడేసుకునేవాడు. వాడకట్టు మొత్తానికి పాల లెక్కలు, దరఖాస్తులు ఆయనే రాసేవాడు. ఆటోలో కలెక్టరేట్‌కు వెళ్లి సార్లను తిట్టి వస్తే మేం నవ్వుకునేవాళ్లం. ఎన్నడూ దిగులుపడలేదు. పోయిన ఏడాది చనిపోయాడు.

మా ఆయన మోటార్ వైండింగ్ చేసేవారు. రెండేళ్ల కింద బండి ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. జైపూర్ కాలు పెట్టిస్తే మూలకు పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఆయనకు ఏ టెన్షన్ వద్దని ఆయన పని చేసుకునే మడిగె (దుకాణం) కిరాయికి ఇచ్చేశాను. ఏటీఎం కార్డు, డబ్బు లెక్కలు నేనే చూసుకుంటున్నాను. పింఛన్‌కు కూడా నేనే కాగితాలు సిద్ధం చేశాను. మామ ఎంత ధైర్యంగా బతికాడో రోజూ చెప్తున్నా చలనం లేదు. ఈమధ్య ఆ పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతున్నారు. వచ్చే నెల మామ సంవత్సరీకం. మా ఆయన్ని తీసుకెళ్తే మార్పు వస్తుందా?"

రాదు. తీసుకెళ్లకండి.

అమ్మా, మీ మామ మీద మీకున్న ప్రేమ నిజం. కానీ ఇంట్లో మీరు చేస్తున్నది ఆయన్ని తలచుకోవడం కాదు, ఆయన పేరు పెట్టి భర్తను దెప్పడం. చనిపోయిన మనిషితో ఎవరు గెలుస్తారు? ఆయన ఇక అలగడు, విసుక్కోడు, తప్పు చేయడు. అన్నం ముందు ఆ పేరు వినబడితే ముద్ద దిగుతుందా?

మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. మామ దిగులుపడలేదని మీరే రాశారు, కలెక్టరేట్‌లో తిట్టి వచ్చేవాడనీ మీరే రాశారు. పిల్లలుగా మీరు నవ్వుకున్నారు గానీ ఆ మనిషి కడుపు మండి తిట్టాడు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లే ఆ పల్లెల్లో పసిపిల్లలు తాగారు. మరిగించినా పోదు, వంగిన ఎముక మళ్లీ సాఫు కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండకు 480 మంది పోటీ చేశారంటే అది ఓపికతోనా? నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని వేసిన నామినేషన్లే అందులో ఎక్కువ. మిషన్ భగీరథ నల్లా వచ్చేసరికి మీ మామ ఎముకలకు జరగాల్సింది జరిగిపోయింది. ఆయన్ని నవ్వు ముఖం ఫొటోగా మార్చేసి, కోపాన్ని మాత్రం చెరిపేశారు మీరు.

ఇంకోటి. ఆ మామ దగ్గరికి రోజూ జనం వచ్చారు. పాల లెక్క తేలాలంటే ఆయనే కావాలి, దరఖాస్తు రాయాలంటే ఆయనే కావాలి. వదిన ఎత్తి కూర్చోబెట్టింది నిజమే, కానీ ఆ దారం కట్టుకోవాలన్న ఆలోచన ఆయనది. ఆ పెన్ను ఎవరూ లాక్కోలేదు.

మీ ఆయన పెన్ను ఏమైంది? వైండింగ్ కూర్చుని చేతులతో చేసే పని. పోయింది కాలు, మీరు తీసేసుకున్నది చేతులు. మడిగె ఆయన్ని అడిగి ఇచ్చారా? ఉత్తరంలో ఆ మాట లేదు. కార్డు మీ పర్సులో ఉంది. జైపూర్ కాలు వేసుకోవడం లేదని బాధపడుతున్నారు, వేసుకుని ఎక్కడికి వెళ్లాలి? పింఛన్ విషయమూ అంతే. నలభై శాతం వైకల్యం తేలి, మిగతా అర్హతలూ ఉంటే నెలకు 4016 రూపాయలు వస్తాయి, తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు, అది హక్కు. కానీ తన ఒంటికి శాతాలు కట్టించుకోవాలా వద్దా అన్నది ఆ మనిషి నోటి నుంచి రావాలి.

మీరు కష్టపడుతున్నారు, ఇల్లంతా మోస్తున్నారు, కాదనను. ఒక్కోసారి అంతా మనమే మోయడంలో ఒక గర్వం కూడా ఉంటుంది. నాకు మీ ఉత్తరంలో అదే ఎక్కువ కనబడింది. మగవాడు సంపాదించి తీరాలి అనే రకాన్ని కాదు నేను. కానీ ఏ మనిషినైనా సొంత ఇంట్లో పేషెంట్‌గా రెండేళ్లు పెడితే గోడవైపే తిరుగుతాడు.

ముందు ఏటీఎం కార్డు ఆయన చేతికివ్వండి, ఉపన్యాసం లేకుండా. మడిగె సంగతి ఏం చేద్దామని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మెదపకండి. అరిస్తే అరవనివ్వండి, రెండేళ్ల బాకీ అది. తీసేసిన కాలు ఇంకా ఉన్నట్టే చాలామందికి నొప్పి పెడుతుంది. ఎప్పుడైనా అడిగారా? నిద్ర పట్టకపోయినా, తిండి మానేస్తున్నా మానసిక వైద్యుడికి చూపించండి. చావు మాట ఎత్తితే మాత్రం రేపు, ఎల్లుండి అనుకోవద్దు. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416 నంబరు రాత్రిపూట కూడా పలుకుతుంది.

సంవత్సరీకానికి మీరొక్కరే వెళ్లండి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన ఆ వదినగారికి మంచి చీర పెట్టండి. అన్నేళ్లు ఎత్తి దించిన నడుము ఆమెది, ఆమె తాగిందీ ఆ నీళ్లే. ఇంటి తాళాలు, ఖర్చు డబ్బులు మీ ఆయనకు అప్పగించి బస్సెక్కండి. గంటకోసారి ఫోన్ చేసి తిన్నారా, పడుకున్నారా అని అడగకండి.